స్టార్ట్ మెనూలో ట్యాబ్ లెక్క తప్పుతున్నది: స్క్రీన్ రీడర్‌తో దారి పట్టుకోవడం ఎలా?

తుంగభద్ర తీరం, కర్నూలు – ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం.

నేను కర్నూలులో ఉంటున్న విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుణ్ణి. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతిని, మూడేళ్లుగా చూపు కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చి, ఇప్పుడు గదిలో దీపం వెలుగుతున్నదో లేదో తెలియడం తప్ప మరేమీ కనిపించని స్థితికి చేరింది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో పాఠశాల కంప్యూటరులో మార్కుల పట్టికలు వేయడం, ఉత్తరాలు టైపు చేయడం నాకు అలవాటైన పనులే. అయితే అవన్నీ కంటితో చూస్తూ, చేత్తో మౌసు పట్టుకొని చేసినవి. ఇప్పుడు నా మనుమడు తన ల్యాప్‌టాప్‌ను నాకిచ్చి, అందులో ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌ను, అంటే తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను, ఎక్కించి పెట్టాడు. దానిలో ఉన్నది విండోస్ 11. బడిలో చెప్పిన పద్యాలకు ఇన్నేళ్లుగా రాసుకున్న వివరణలను ఒకచోట చేర్చి టైపు చేయాలన్నది నా కోరిక. అందుకు వర్డ్ తెరవడం, రాసినదాన్ని దాచుకోవడం, కంప్యూటరు ఆపడం నా అంతట నేను చేసుకోగలగాలి.

ఒక శిక్షణ కేంద్రంలో పదిహేను రోజులు నేర్చుకున్నాను. అక్కడ స్టార్ట్ మెనూను పూర్తిగా అంకెల మీద నేర్పారు. విండోస్ కీ నొక్కిన తరువాత ఇన్నిసార్లు ట్యాబ్, ఇన్నిసార్లు కుడి బాణం, ఇన్నిసార్లు కింది బాణం, ఆపైన ఎంటర్ అని చెబితే, ఎక్కాలు వల్లె వేసినట్టు వల్లె వేసి కంఠస్థం చేశాను. నెల రోజులు ఆ లెక్క చక్కగా పనిచేసింది. తరువాత ఒక రాత్రి కంప్యూటరు తనంతట తానే అప్‌డేట్ అయింది. మరునాడు అదే లెక్కతో వెళితే వర్డ్ ఉండవలసిన చోట మరేదో పలికింది. నేను కంగారుపడి మరికొన్నిసార్లు ట్యాబ్ నొక్కి, ఏం పలికిందో సరిగా వినకుండానే ఎంటర్ మీద ఎంటర్ కొట్టాను. ల్యాప్‌టాప్ మూగబోయింది. చెడిపోయిందనే అనుకొని, సాయంత్రం మనుమడు కళాశాల నుంచి వచ్చేవరకు దాన్ని ముట్టుకోలేదు. అతను వచ్చి చూసి, నేను పవర్ బటన్ దగ్గరకు వెళ్లి కంప్యూటరును స్లీప్‌లో పెట్టానని చెప్పాడు.

అప్పటి నుంచి స్టార్ట్ మెనూ అంటేనే చెయ్యి వెనక్కు పోతున్నది. పేరు టైపు చేస్తే చాలునని మనుమడు అంటాడు గాని, అలా చేసినప్పుడు రెండుసార్లు వర్డ్‌కు బదులు ఇంటర్నెట్ పేజీ తెరుచుకున్నది. ఈ మెనూ లోపల ఏయే భాగాలు ఉంటాయో, ఎక్కడ ట్యాబ్ వాడాలో, ఎక్కడ బాణాలు వాడాలో, చూపు లేనివారు దీన్ని మనసులో ఎలా నిలుపుకుంటారో తెలిసినవారు దయచేసి వివరించండి. ఇంకొక కొత్త లెక్కను కంఠస్థం చేయడం తప్ప మార్గం లేదా? నేను చెబుతుంటే మా మనుమరాలు ఈ ప్రశ్నను టైపు చేసింది.

గడియార స్తంభం, అనంతపురం – జవాబు

అయ్యవారికి నమస్కారం. నేను పుట్టుకతో చూపు లేనిదాన్ని. అనంతపురంలో చూపు లేని విద్యార్థులకు కంప్యూటరు నేర్పుతున్నాను. మీ ప్రశ్న విన్నాక మనసుకు కష్టం కలిగింది, ఎందుకంటే ఇందులో మీ తప్పేమీ లేదు. తప్పు నేర్పిన పద్ధతిలో ఉన్నది. స్టార్ట్ మెనూను నొక్కుల లెక్కతో నేర్పడం నాకు ఏనాడూ సమ్మతం కాదు. నొక్కుల లెక్క ఆనాటి ఆ కంప్యూటరుకు మాత్రమే సరిపోతుంది. కొత్త యాప్ ఒకటి ఎక్కినా, ఎవరైనా ఒక యాప్‌ను పిన్ చేసినా, అంటే వెంటనే దొరికేలా మెనూలో నిలిపి ఉంచినా, విండోస్ అప్‌డేట్ అయినా లెక్క మారిపోతుంది.

ఈ మెనూ ఎన్నిసార్లు రూపు మార్చుకున్నదో చూడండి. 1995 ఆగస్టు 24న విండోస్ 95తో అది మొదటిసారి వచ్చింది. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు మెనూయే పోయి, తెరంతా నిండిన పలకలు వచ్చాయి. 2015లో విండోస్ 10 మెనూను తిరిగి తెచ్చింది, కాని పలకలను పక్కనే ఉంచింది. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 ఆ పలకలను తీసేసి పిన్ చేసిన యాప్‌ల వరుసలు పెట్టింది. అందులోనూ 2025 చివర వచ్చిన మార్పుతో, అంతకుముందు వేరే పుటలో ఉండే అన్ని యాప్‌ల జాబితా మొదటి పుటలోకే, కింది భాగానికి చేరింది. మీ లెక్క తప్పడానికి బహుశా ఇదే కారణం కావచ్చు. నేను నేర్చుకున్నది విండోస్ ఎక్స్‌పీ అనే పాత కూర్పు మీద. ఆనాడు నేను కంఠస్థం చేసిన లెక్కల్లో ఒక్కటి కూడా ఈనాడు నాకు పనికిరాదు. కాని వినే అలవాటు మాత్రం ఈనాటికీ పనికివస్తున్నది.

నేను గడియార స్తంభం దగ్గర బస్సు దిగి సప్తగిరి సర్కిల్ వైపు నడిచేటప్పుడు అడుగులు లెక్కపెట్టను. దారిలో ఒక తోపుడు బండి అడ్డంగా నిలిచినా అడుగుల లెక్క చెడిపోతుంది. పూల వాసన ఎక్కడ వస్తుంది, హోటల్‌లో గిన్నెల చప్పుడు ఎక్కడ వినిపిస్తుంది, రోడ్డు ఎక్కడ వాలుతుంది అన్న గుర్తులతో నడుస్తాను. స్టార్ట్ మెనూలో కూడా అలాంటి గుర్తులున్నాయి. ఎన్‌వీడీఏ వాటిని పలుకుతుంది. మనం ఆగి వినాలి, అంతే.

ఇప్పుడు ఆ గుర్తులు చెబుతాను. విండోస్ కీ నొక్కగానే మీరు నిలబడేది సెర్చ్ అనే పెట్టెలో. ఎన్‌వీడీఏ సెర్చ్ అన్న మాట పలుకుతుంది. అక్కడి నుంచి ట్యాబ్ నొక్కుతూ పోతే ఒక్కొక్క భాగం మారుతుంది. పిన్డ్ అని వినిపిస్తే, అది మీరో మీ మనుమడో ముందే పిన్ చేసి పెట్టుకున్న యాప్‌ల గుంపు. రికమెండెడ్ అని వినిపిస్తే, అక్కడ ఈ మధ్య తెరిచిన ఫైళ్లు, కొత్తగా ఎక్కించిన యాప్‌లు ఉంటాయి. ఆల్ అన్న మాట వినిపిస్తే, అది కంప్యూటరులోని యాప్‌లన్నీ అక్షర క్రమంలో ఉన్న జాబితాకు సంబంధించినది. మీ ఖాతా పేరు, దాని పక్కన పవర్ అనే బటన్ కూడా ఉంటాయి. వీటి వరుస ఒక్కొక్క కూర్పులో ఒక్కొక్క విధంగా ఉండవచ్చు, కనుక వరుసను కాక పేర్లనే గుర్తు పెట్టుకోండి.

భాగం నుంచి భాగానికి దాటడానికి ట్యాబ్, వెనక్కు రావడానికి షిఫ్ట్‌తో ట్యాబ్. ఒక భాగం లోపల తిరగడానికి మాత్రం బాణాలు. ఇది ఒక్క స్టార్ట్ మెనూకే కాదు, విండోస్‌లోని చాలా పెట్టెలకు వర్తించే సూత్రం. పిన్డ్ గుంపులోకి వచ్చాక ట్యాబ్ నొక్కితే ఆ గుంపు నుంచే బయటపడిపోతారు. చాలామంది కొత్తవారు ఇక్కడే దారి తప్పుతారు. మీకు కేంద్రంలో లెక్క చెప్పారే గాని ఈ సూత్రం చెప్పలేదనుకుంటాను.

దారి తప్పితే కంగారుపడవలసిన పని లేదు. ఎస్కేప్ నొక్కండి, మెనూ మూసుకుంటుంది. మళ్లీ విండోస్ కీ నొక్కండి, సెర్చ్ పెట్టె దగ్గరకే వస్తారు. మెనూ తెరిచి ఎంతసేపు తిరిగినా ఏమీ చెడిపోదు. సాధారణంగా ఎంటర్ నొక్కినప్పుడే ఏదైనా జరుగుతుంది. అందుచేత నా విద్యార్థులకు నేను పెట్టే నియమం ఒక్కటే: పేరు పూర్తిగా వినకుండా ఎంటర్ మీద వేలు వేయకూడదు. వినిపించినది సరిగా అర్థం కాకపోతే ఎన్‌వీడీఏ కీతో ట్యాబ్ నొక్కండి. మీరున్న చోటును మళ్లీ పలుకుతుంది. ఎన్‌వీడీఏ కీతో టి నొక్కితే ఏ కిటికీలో ఉన్నారో దాని శీర్షిక పలుకుతుంది. ఎన్‌వీడీఏ కీ అంటే మామూలుగా ఇన్సర్ట్. ల్యాప్‌టాప్‌లలో ఇన్సర్ట్ ఎక్కడో మూలన చిన్నదిగా ఉంటుంది కనుక, క్యాప్స్ లాక్‌ను కూడా ఎన్‌వీడీఏ కీగా వాడుకొనేలా మీ మనుమడి చేత పెట్టించుకోండి.

వెతకడం గురించి మీ మనుమడు చెప్పినది నిజం. రోజువారీ పనికి నేను కూడా ఆ దారినే వాడతాను. విండోస్ కీ నొక్కి, సెర్చ్ అని వినిపించాక, వర్డ్ అనే ఇంగ్లీషు మాటలోని అక్షరాలు టైపు చేయండి. పెట్టె కోసం వెతుక్కోనక్కరలేదు. టైపు చేశాక చేతులు కీబోర్డు మీద కదలకుండా ఉంచి ఆగండి. ఎన్‌వీడీఏ వర్డ్ అని, తరువాత యాప్ అని పలుకుతుంది. ఆపైన, ప్రెస్ రైట్ టు స్విచ్ ప్రివ్యూ అన్న ఇంగ్లీషు వాక్యం కూడా వినిపించవచ్చు. అప్పుడు ఎంటర్ నొక్కండి. మీకు ఇంటర్నెట్ పేజీ తెరుచుకోవడానికి కారణం ఏమిటంటే, ఫలితం ఇంకా స్థిరపడకముందే, వెబ్‌లో వెతుకు అన్న సూచన పైన ఉన్న క్షణంలో ఎంటర్ పడడం. యాప్ అన్న మాట వినిపించక, వెబ్ అన్న మాట వినిపిస్తే ఎంటర్ నొక్కకండి. కింది బాణంతో ఒక్కొక్క ఫలితం దిగుతూ వినండి, లేదా మరొక అక్షరం చేర్చండి.

పెన్న ఒడ్డు, కడప జిల్లా – జవాబు

అక్క చెప్పిన సూత్రంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, కాని వెతకడమే అందరికీ మేలైన దారి అన్న మాటను కొంచెం సవరించాలని ఉన్నది. నేను తెలుగు మాధ్యమంలో చదువుకున్నాను. ప్రొద్దుటూరులో ఒక దుకాణానికి లెక్కలు రాస్తాను. నాకు కూడా చూపు లేదు. ఇంగ్లీషు మాటల అక్షరక్రమం నాకు చాలాకాలం పెద్ద అడ్డంకిగా ఉండేది. మాట పలకడం తెలుసు, రాయడం తెలియదు. ఒక అక్షరం తప్పితే వెబ్ ఫలితాలు, మరొకటి తప్పితే ఏదో సెట్టింగు వచ్చేవి. వెతుకు అని సలహా ఇచ్చేవారు చాలావరకు ఇంగ్లీషు బాగా వచ్చినవారే అయి ఉంటారు. అయ్యవారికి ఇంగ్లీషు ఇబ్బంది లేకపోవచ్చు గాని, ఈ చర్చ చదివే మా వంటి వారి కోసం రాస్తున్నాను.

మాట మొత్తం రాయనక్కరలేదన్న సంగతి ముందుగా చెప్పాలి. మొదటి రెండు మూడు అక్షరాలు చాలు. మీరు తరచుగా తెరిచే యాప్ పైకి వస్తుంది. అంతకంటే నమ్మకమైనది టాస్క్‌బార్, అంటే తెర అడుగున ఉండే యాప్‌ల వరుస. రోజూ వాడే నాలుగైదు యాప్‌లను టాస్క్‌బార్‌కు పిన్ చేసుకుంటే, విండోస్ కీతో 1 నొక్కితే మొదటిది, 2 నొక్కితే రెండవది, ఇలా 9 వరకు తెరుచుకుంటాయి. వెతుకుడు ఫలితాల్లో గాని, స్టార్ట్‌లోని యాప్ పేరు మీద గాని నిలబడి, షిఫ్ట్‌తో ఎఫ్10 నొక్కితే కుడి క్లిక్ మెనూ వస్తుంది. అందులో పిన్ టు టాస్క్‌బార్ అని వినిపించినప్పుడు ఎంటర్. ఒక్కసారి చేస్తే చాలు. మా దుకాణంలోని కంప్యూటరులో విండోస్ 10 ఉండేది. 2025 అక్టోబరు 14తో దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగియడంతో కొత్త కంప్యూటరు కొని విండోస్ 11కు మారాం. స్టార్ట్ మెనూ మొత్తం మారిపోయింది. నేను మాత్రం పాత వరుసలోనే యాప్‌లను టాస్క్‌బార్‌కు పిన్ చేయించుకొని, మొదటి రోజు ఉదయం నుంచే విండోస్ కీతో 1, 2, 3 నొక్కి పని సాగించాను. ఇది కూడా లెక్కే కదా అని అక్క అడగవచ్చు. లెక్కే, కాని ఇది మనం పెట్టుకున్న లెక్క. మనం మార్చితే తప్ప మారదు.

రెండవది, అక్షరాలతో దూకే జాబితా. స్టార్ట్ మెనూలో అక్షరం నొక్కితే వెతకడం మొదలవుతుంది. జాబితాలో ఆ అక్షరం దగ్గరకు పోదు. నాకు ఏ యాప్ ఏ పేరుతో ఉన్నదో తెలియనప్పుడు, జాబితా మొత్తం వింటూ పోవాలి. అందుకు నేను వాడే దారి ఇది: విండోస్ కీతో ఆర్ నొక్కితే రన్ పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లీషులో షెల్ అన్న మాట, దాని వెంటనే కోలన్ గుర్తు, ఖాళీ వదలకుండా యాప్స్ ఫోల్డర్ అన్న రెండు మాటలు కలిపి టైపు చేసి ఎంటర్ నొక్కాలి. కంప్యూటరులోని యాప్‌లన్నీ మామూలు ఫోల్డరులోని ఫైళ్లలాగా వరుసగా వస్తాయి. ఇక్కడ డబ్ల్యూ నొక్కితే డబ్ల్యూతో మొదలయ్యే మొదటి పేరు, మళ్లీ నొక్కితే తరువాతి పేరు పలుకుతాయి. వర్డ్ మీద నిలబడి షిఫ్ట్‌తో ఎఫ్10 నొక్కి, క్రియేట్ షార్ట్‌కట్ ఎంచుకుంటే, డెస్క్‌టాప్ మీద పెట్టమంటావా అని అడుగుతుంది, అవునంటే చాలు.

ఆ షార్ట్‌కట్ డెస్క్‌టాప్ మీదకు వచ్చాక దాని మీద నిలబడి ఆల్ట్‌తో ఎంటర్ నొక్కితే ప్రాపర్టీస్ తెరుచుకుంటుంది. షార్ట్‌కట్ కీ అని వినిపించేవరకు ట్యాబ్ నొక్కి, అక్కడ ఒక అక్షరం, ఉదాహరణకు డబ్ల్యూ, నొక్కితే కంట్రోల్, ఆల్ట్ దానంతట అవే ముందు చేరతాయి. ఓకే నొక్కాక, ఎక్కడున్నా కంట్రోల్, ఆల్ట్, డబ్ల్యూ కలిపి నొక్కితే వర్డ్ తెరుచుకుంటుంది. ఎన్‌వీడీఏను తెరిచే కంట్రోల్, ఆల్ట్, ఎన్ కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. అందుకే ఎన్ అక్షరాన్ని వేరే దేనికీ ఇవ్వకండి.

తుంగభద్ర తీరం, కర్నూలు – ప్రశ్న అడిగినవారు

అమ్మకు, తమ్ముడికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ జవాబులను మనుమరాలి చేత మూడుసార్లు చదివించుకొని, నాలుగు రోజులు సాధన చేసి, ఈ సందేశం నేనే టైపు చేస్తున్నాను. అక్షర దోషాలుంటే మన్నించగలరు.

మొదటి రోజు ఏమీ తెరవకుండా, విండోస్ కీ నొక్కడం, ట్యాబ్‌తో ఒక్కొక్క భాగం వినడం, ఎస్కేప్‌తో మూయడం, ఇంతే చేశాను. పిన్డ్, రికమెండెడ్, పవర్ అన్న మాటలు అంతకుముందు కూడా వినిపించేవే. కాని నేను లెక్కపెట్టడంలో మునిగి ఉండి వాటిని మాటలుగా వినలేదని అప్పుడు తెలిసింది. పాఠం చెప్పేటప్పుడు పిల్లలు అర్థం పట్టించుకోకుండా పద్యం అప్పజెబితే నేను ఊరుకొనేవాణ్ణి కాదు. రెండవ రోజు నుంచి పేరు టైపు చేసి, యాప్ అని వినిపించాక ఎంటర్ నొక్కుతున్నాను. ఇంతవరకు ఒక్కసారి కూడా ఇంటర్నెట్ పేజీ తెరుచుకోలేదు. కంట్రోల్, ఆల్ట్, డబ్ల్యూ కూడా పెట్టించుకున్నాను.

మరి మూడు సందేహాలు మిగిలాయి. ఒకటి, నిన్న టైపు చేస్తూ ఉండగా ఎన్‌వీడీఏ ఉన్నట్టుండి మాట్లాడడం మానేసింది. కంప్యూటరు మాత్రం పనిచేస్తూనే ఉన్నది. రెండు, పవర్ బటన్ దగ్గరకు పోవాలంటే నాకు ఇంకా బెదురుగా ఉన్నది. కంప్యూటరును ఆపడానికి వేరే దారి ఉన్నదా? మూడు, మెనూ అంతా ఇంగ్లీషు గొంతుతో బాగానే వినిపిస్తున్నది గాని, వర్డ్‌లో నేను రాసిన తెలుగును అది సరిగా చదవడం లేదు. తెలుగు గొంతు పెడితే మెనూలోని ఇంగ్లీషు మాటలు నాకు అర్థం కావడం లేదు.

గడియార స్తంభం, అనంతపురం – జవాబు

అయ్యవారూ, మీరే టైపు చేశారని విని ఎంతో సంతోషించాను. మీ సందేశాన్ని మా తరగతిలో అందరికీ వినిపించాను. తమ్ముడు చెప్పిన సవరణను కూడా అంగీకరిస్తున్నాను. అక్షరక్రమం రానివారికి వెతకడం ఎంత కష్టమో నేను తగినంతగా ఆలోచించలేదు.

ఎన్‌వీడీఏ మూగబోవడానికి చాలావరకు కారణం, టైపు చేసే వేగంలో ఎన్‌వీడీఏ కీతో ఎస్ పడడం. అది మాట తీరును మార్చే ఆదేశం. ఒకసారి నొక్కితే ఒక తీరు, మరొకసారి నొక్కితే మరొక తీరు వస్తుంది. వాటిలో ఒకటి పూర్తి మౌనం, ఒకటి బీప్ శబ్దాలు మాత్రమే. క్యాప్స్ లాక్‌ను ఎన్‌వీడీఏ కీగా పెట్టుకున్నవారికి ఎ అక్షరం, ఎస్ అక్షరం దాని పక్కనే ఉంటాయి కనుక ఈ పొరపాటు మరీ సులువుగా జరుగుతుంది. టాక్ అన్న మాట వినిపించేవరకు, ఒక్కొక్క నొక్కుకు కొంచెం ఆగుతూ, అదే ఆదేశాన్ని మళ్లీ నొక్కండి. అలా కూడా పలకకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎన్ నొక్కండి; ఎన్‌వీడీఏ కొత్తగా మొదలవుతుంది. అదీ కాకపోతే విండోస్‌తో పాటు వచ్చే నరేటర్ ఉన్నది. విండోస్ కీ, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే అది మాట్లాడుతుంది. అవే కీలు మళ్లీ నొక్కితే ఆగిపోతుంది. ఇల్లంతా నిద్రపోయిన వేళ ఎవరినీ లేపకుండా గట్టెక్కడానికి ఇది నాకు ఎన్నోసార్లు అక్కరకు వచ్చింది.

ఆపడానికి స్టార్ట్ మెనూ లోపలికి వెళ్లనక్కరలేదు. తెరిచినవన్నీ దాచుకొని మూసిన తరువాత, విండోస్ కీతో ఎక్స్ నొక్కండి. ఒక మామూలు మెనూ వస్తుంది. అందులో యు నొక్కితే షట్ డౌన్ ఆర్ సైన్ అవుట్ అనే ఉపమెనూ తెరుచుకుంటుంది. మళ్లీ యు నొక్కితే కంప్యూటరు ఆగుతుంది, ఆర్ నొక్కితే మళ్లీ మొదలవుతుంది, ఎస్ నొక్కితే నిద్రపోతుంది. ఎక్స్‌పీ కాలంలో విండోస్ కీ, తరువాత యు, మళ్లీ యు అని నేర్చుకున్నాను. ముందు చేరిన ఎక్స్ ఒక్కటే కొత్త. ఈ అక్షరాలు ఇంగ్లీషు విండోస్‌లోనివి. తెలుగు మీద మీకున్న మక్కువతో విండోస్ భాషను తెలుగుకు మార్చాలని ఎవరైనా సలహా ఇస్తే, ప్రస్తుతానికి మార్చవద్దు. ఇలాంటి అక్షరాలు, మేమంతా చెప్పే పేర్లు మీకు కలవకుండా పోతాయి.

విండోస్ కీతో డి నొక్కి డెస్క్‌టాప్‌కు వెళ్లి, ఆల్ట్‌తో ఎఫ్4 నొక్కడం మరొక దారి. అప్పుడు ఒక చిన్న పెట్టె వచ్చి, షట్ డౌన్ అనో స్లీప్ అనో పలుకుతుంది; పై, కింది బాణాలతో మార్చుకొని ఎంటర్. ఎంటర్ నొక్కేముందు ఏం జరగబోతున్నదో ఇది నోటితో చెబుతుంది కనుక, బెదురు ఉన్నవారికి నేను దీన్నే ముందు నేర్పుతాను.

తెలుగు గొంతు విషయానికి చక్కని ఏర్పాటు ఉన్నది. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ అనే, రాతను మాటగా పలికే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు గొంతు కూడా ఉన్నది. అది కొంచెం లోహపు గొంతుగా వినిపించినా అక్షరాలను తప్పు లేకుండా పలుకుతుంది, తప్పులు దిద్దుకోవడానికి అదే ముఖ్యం. వర్డ్ తెరిచి ఉంచి ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, పి కలిపి నొక్కండి. ప్రొఫైల్స్ పెట్టె వస్తుంది; ప్రొఫైల్ అంటే ఒక యాప్‌కు వేరుగా పెట్టుకొనే ఎన్‌వీడీఏ అమరిక. న్యూ అనే బటన్ నొక్కి, కరెంట్ అప్లికేషన్ అన్నదాన్ని ఎంచుకొని ఒక ప్రొఫైల్ చేయండి. ఆపైన వర్డ్‌లోనే ఉండి ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, వి నొక్కి గొంతును తెలుగుకు మార్చి, వేగం కూడా మీకు నచ్చినంతగా తగ్గించుకోండి. ఇక మీదట వర్డ్‌లోకి వెళ్లగానే తెలుగు గొంతు, స్టార్ట్ మెనూకు రాగానే ఇంగ్లీషు గొంతు వాటంతట అవే మారుతుంటాయి. గొంతు మారడమే మీరు వర్డ్ నుంచి బయటకు వచ్చారనడానికి ఇంకొక గుర్తుగా కూడా పనికివస్తుంది.

కొండారెడ్డి బురుజు వీధి, కర్నూలు – జవాబు

నాకు చూపు ఉన్నది; మా నాన్నగారికి లేదు. ఇంట్లో కనిపించేవారు చేయవలసిన పని గురించి రెండు మాటలు చెప్పాలని రాస్తున్నాను, ఎందుకంటే అయ్యవారి మనుమడు, మనుమరాలు కూడా ఇది చదువుతారు.

మొదట్లో నేను మా నాన్నగారి కంప్యూటరులో ఖాళీ ఉన్నప్పుడల్లా ఏదో ఒక యాప్ ఎక్కించి, అందంగా కనిపించాలని పిన్ చేసినవాటిని అటూ ఇటూ జరిపేదాన్ని. ఆయన ఏమీ అనేవారు కాదు గాని, ఆ రోజంతా పని సాగక కూర్చొనేవారు. వంటింట్లో ఉప్పు డబ్బా స్థానం మార్చి చెప్పకపోవడం ఎటువంటిదో ఇది కూడా అటువంటిదేనని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఇప్పుడు ఆయనకు చెప్పకుండా ఏదీ కదపను.

చేయదగిన మేలు ఒకటున్నది. ఆయన వాడని యాప్‌లన్నిటినీ పిన్డ్ గుంపు నుంచి తీసివేసి, ఏడింటిని మాత్రమే ఉంచాను. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో స్టార్ట్ అనే చోట, కొత్తగా ఎక్కిన యాప్‌లను, ఇటీవలి ఫైళ్లను చూపే మీటలను కూడా ఆపివేశాను. దానితో రికమెండెడ్ భాగంలో వినవలసినవి బాగా తగ్గాయి. మెనూ ఎంత చిన్నదైతే వినడం అంత తేలిక. ఈ మార్పులు చేసేటప్పుడు నాన్నగారిని పక్కనే కూర్చోబెట్టుకొని, ఏది ఉంచాలో, ఏది తీయాలో ఆయననే అడిగాను.

పెన్న ఒడ్డు, కడప జిల్లా – జవాబు

అక్క చెప్పిన ప్రొఫైళ్ల సంగతి నాకు కూడా కొత్తది. ఈ రోజే పెట్టుకుంటాను.

అయ్యవారికి ఇంకొక చిన్న సహాయం. విండోస్ కీ ఎక్కడున్నదో వేలికి అలవాటు కావడానికి, పొడవాటి స్పేస్ బార్ ఎడమ అంచు నుంచి లెక్క మొదలుపెట్టండి: సాధారణంగా దాని పక్కన ఆల్ట్, ఆ పక్కన విండోస్. కొన్ని ల్యాప్‌టాప్‌లలో దానికీ కంట్రోల్‌కూ మధ్య ఎఫ్ఎన్ అనే కీ ఉంటుంది. ఏ కీ ఏదో తెలియనప్పుడు ఎన్‌వీడీఏ కీతో 1 నొక్కండి. అప్పటి నుంచి ఏ కీ నొక్కినా దాని పేరు, అది చేసే పని పలుకుతుందే గాని, ఆ పని జరగదు. కావలసినంతసేపు తడుముకొని చూడవచ్చు. మళ్లీ ఎన్‌వీడీఏ కీతో 1 నొక్కితే మామూలు స్థితికి వస్తుంది.

తుంగభద్ర తీరం, కర్నూలు – ప్రశ్న అడిగినవారు

ఎక్స్, యు, యు దారి నాకు బాగా నచ్చింది. రాత్రి అలాగే ఆపాను. తెలుగు గొంతు వర్డ్‌లో పనిచేస్తున్నది. ఒత్తుల్లో నేను చేసిన తప్పులు ఇప్పుడు చెవికి తెలుస్తున్నాయి. ఒక్క చిక్కు మిగిలింది. క్యాప్స్ లాక్‌ను ఎన్‌వీడీఏకు ఇచ్చిన తరువాత, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు కావలసినప్పుడు ఆ కీ ఎంత నొక్కినా పనిచేయడం లేదు.

గడియార స్తంభం, అనంతపురం – జవాబు

అయ్యవారూ, క్యాప్స్ లాక్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కండి. క్యాప్స్ లాక్ ఆన్ అని పలుకుతుంది. పని అయ్యాక మళ్లీ అలాగే రెండుసార్లు నొక్కి ఆఫ్ అని వినిపించేలా చూసుకోండి, లేకపోతే తెలుగు టైపు చేసేటప్పుడు అక్షరాలు మారిపోతాయి. ఒక్క పెద్ద అక్షరమే కావలసి వస్తే ఎప్పటిలాగా షిఫ్ట్ పట్టుకొని నొక్కితే సరిపోతుంది.